నడుస్తున్న సర్వర్‌లోంచి కార్డు తీయాలంటే

పెన్‌డ్రైవ్ పీకే ముందు కంప్యూటర్‌కు ఓ మాట చెప్పేవాళ్ల కన్నా చెప్పకుండా లాగేసేవాళ్లే ఎక్కువని నా అనుమానం. మైక్రోసాఫ్ట్ కూడా చివరికి ఈ అలవాటుకే సర్దుకుపోయింది. 2018లో వచ్చిన విండోస్ 10, 1809 వెర్షన్ నుంచి, అర్ధాంతరంగా పీకినా నష్టం తక్కువగా ఉండే పద్ధతినే పెన్‌డ్రైవ్‌లకు మామూలు పద్ధతిగా పెట్టింది. ఆ ధీమాతోనే ఎవరైనా సర్వర్ మూత తెరిచి, పనిలో ఉన్న నెట్‌వర్క్ కార్డును లాగితే మాత్రం సర్వర్ అక్కడికక్కడే బిగుసుకుపోవచ్చు. కార్డు కాలిపోవచ్చు, దానితోపాటు మదర్‌బోర్డూ పోవచ్చు.

ఆపేసి తీస్తే ఏం పోయింది? ఇంట్లో కంప్యూటర్‌కైతే ఏమీ పోదు. బ్యాంకులు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లోని కొన్ని యంత్రాలకు మాత్రం 99.999 శాతం సమయం పనిచేసి తీరాలన్న షరతు ఉంటుంది. లెక్క కడితే, ఏడాది మొత్తంలో ఆగి ఉండటానికి మిగిలేది సుమారు 5 నిమిషాల 15 సెకన్లు. వందల గిగాబైట్ల మెమరీ ఉన్న పెద్ద సర్వర్ ఒకసారి ఆగి, తన భాగాలన్నీ పరీక్షించుకుని మళ్లీ లేవడానికే అంతకన్నా ఎక్కువ సేపు పట్టడం మామూలే. ఒక్క కార్డు మార్చడంతో ఏడాది కోటా అయిపోయినట్టే.

ఈ బాధ పాతదే. 1974లో కాలిఫోర్నియాలో మొదలైన టాండెమ్ కంపెనీ వ్యాపారమంతా దీని మీదే నడిచింది. ముఖ్యమైన భాగాలన్నీ జంటలుగా పెట్టి, ఒకటి చెడితే రెండోదానితో పని నడిపిస్తూ చెడినదాన్ని మార్చగలిగే నాన్‌స్టాప్ యంత్రాన్ని 1976లో మొదట సిటీబ్యాంకుకు అందించింది. అది ఖరీదైన, ప్రత్యేకమైన సరుకు. మామూలు సర్వర్లలో కార్డులు గుచ్చే పీసీఐ ప్రమాణం 1992లో వచ్చినప్పుడు, నడుస్తుండగా కార్డు తీయడమన్న ఆలోచన అందులో లేదు. 1997లో పీసీఐ హాట్‌ప్లగ్ ప్రమాణం వచ్చాక ఆ దారి తెరుచుకుంది. ఆ పనిలో ముందు నిలిచిన కాంపాక్, అదే ఏడాది టాండెమ్‌నూ కొనేసింది. తర్వాత వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఈ సదుపాయాన్ని మొదటి నుంచీ తనలోనే కలుపుకుంది.

ముందు కరెంటు సంగతి చూద్దాం. కార్డు మీద చిన్నా పెద్దా కెపాసిటర్లు బోలెడుంటాయి. ఛార్జి లేని కార్డును కరెంటున్న స్లాట్‌లో గుచ్చితే, తొలి క్షణంలో అవి దాదాపు షార్ట్ సర్క్యూట్‌లా కరెంటును గుంజుతాయి. 12 వోల్టుల లైను కుంగి, పక్క స్లాట్లలో తమ పని తాము చేసుకుంటున్న కార్డులు తడబడతాయి. తీసేటప్పుడు దీనికి ఎదురు కష్టం. పెద్ద కార్డు స్లాట్ నుంచి 75 వాట్ల దాకా తీసుకోవచ్చు. 12 వోల్టుల మీదే 5.5 ఆంపియర్ల వరకు. పారుతున్న కరెంటును తెంచితే పిన్నుల దగ్గర చిన్న నిప్పురవ్వ లేచి బంగారు పూత దెబ్బతింటుంది. కంటికి కనబడని ప్రమాదం ఇంకొకటుంది. కరెంటు పిన్ను విడిపోయి సిగ్నల్ పిన్ను ఇంకా తగిలే ఉంటే, రక్షణ కోసం పెట్టిన డయోడ్ల గుండా చిప్పులోకి దొడ్డిదారిన కరెంటు ఎక్కుతుంది. సీమాస్ చిప్పుల నిర్మాణంలోనే, ఎవరూ కోరకుండా, ఒక థైరిస్టర్ ఏర్పడి ఉంటుంది. ఆ కరెంటు దాన్ని మేల్కొలిపితే సరఫరాకూ గ్రౌండ్‌కూ మధ్య అడ్డులేని దారి తెరుచుకుంటుంది. సరఫరా ఆపితే తప్ప అది మూసుకోదు. ఈలోగా చిప్పు కాలిపోవచ్చు.

వీటన్నిటికీ హాట్‌ప్లగ్ సర్వర్‌లో ఒకటే జవాబు: కరెంటున్న స్లాట్‌లోంచి కార్డును తీయనే కూడదు. సర్వర్ నడుస్తూనే ఉంటుంది, ఆ ఒక్క స్లాట్‌కు మాత్రం సరఫరా ఆగుతుంది. అందుకోసం ప్రతి స్లాట్‌కూ ట్రాన్సిస్టర్‌తో చేసిన సొంత స్విచ్ ఉంటుంది. కొత్త కార్డు పెట్టాక, ఎండిన కాలువకు తూమును కొద్దికొద్దిగా ఎత్తినట్టు, ఆ ట్రాన్సిస్టర్ వోల్టేజిని మెల్లగా పెంచుతుంది. కార్డు అంచున రెండు చివర్లా, స్లాట్‌లో కార్డు ఉందని చెప్పే పిన్నులు ఉంటాయి. వాటిని మిగతావాటికన్నా పొట్టిగా చేస్తారు. అన్నిటికన్నా చివర తగిలేవీ, ముందు విడిపోయేవీ అవే. ఎవరైనా తొందరపడి లాగినా, కార్డు కదిలిందన్న కబురు మిగతా పిన్నులు విడిపోకముందే అందుతుంది.

స్లాట్ పక్కన ఒక ఆకుపచ్చ దీపం, ఒక పసుపు దీపం, ఒక బటన్ ఉంటాయి. ఆకుపచ్చది వెలుగుతుంటే సరఫరా ఉన్నట్టు, మిణుకుమంటుంటే మార్పు జరుగుతున్నట్టు, ఆరిపోతే కార్డు తీయవచ్చని అర్థం. పసుపుది వెలిగితే ఏదో లోపం. మిణుకుమంటే, పది స్లాట్లలో నువ్వు వెతుకుతున్నది ఇదేనని చూపడం. బటన్ నొక్కితే సరఫరా వెంటనే పోదు. ఐదు సెకన్లు ఆగుతుంది, ఆలోగా మళ్లీ నొక్కితే ఆ కోరిక రద్దవుతుంది. తప్పు స్లాట్ బటన్ నొక్కి నాలుక కరుచుకునేవాళ్ల కోసం ప్రమాణంలోనే రాసిపెట్టిన గడువు ఇది. ఇంజనీర్లు మనుషుల్ని బాగా ఎరిగి రాసిన నిబంధనల్లో దీన్ని ముందు చెప్పుకోవాలి.

ఇక్కడి దాకా చిక్కులు తేలిగ్గానే తీరాయి. అసలు కష్టం ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంది.

పనిలో ఉన్న నెట్‌వర్క్ కార్డు, ప్రాసెసర్‌ను అడగకుండానే సర్వర్ మెమరీలోకి నేరుగా డేటా రాస్తుంటుంది. ఎక్కడ రాయాలో, కార్డును నడిపించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ముందే చోటు చూపించి పెడుతుంది. పని అయ్యాక కార్డు ఇచ్చే సంకేతం కోసం ఎదురుచూస్తుంది. ఆ మధ్యలో కార్డు మాయమైతే? కార్డు రిజిస్టర్‌ను చదవబోయిన ప్రాసెసర్‌కు జవాబిచ్చేవాళ్లు ఉండరు. అయినా చాలా సర్వర్లలో ఏదో ఒక విలువ వస్తుంది: 32 బిట్లూ ఒకట్లే. అంకెలో చెబితే 4,29,49,67,295. అది తప్పుడు విలువని డ్రైవర్‌కు ఎవరూ చెప్పరు. 'పని ఇంకా జరుగుతోంది' అని సూచించే బిట్టు సున్నా అయ్యేదాకా తిరుగుతుండమని డ్రైవర్‌లో రాసి ఉందనుకుందాం. అన్నీ ఒకట్లే కాబట్టి ఆ బిట్టు ఎప్పటికీ సున్నా కాదు. డ్రైవర్ ఆ వలయంలోంచి బయటపడదు. లేని కార్డుకు పంపిన రాతలైతే చప్పుడు లేకుండా ఎటో పోతాయి, పోయాయని కూడా తెలియదు.

కాబట్టి వరుస ముఖ్యం. ముందు కార్డు మీద ఆధారపడ్డవాళ్లందర్నీ వేరేచోటికి మళ్లించాలి: నెట్‌వర్క్ అయితే రెండో కార్డు మీదికి, నిల్వ అయితే రెండో దారికి. రెండో దారి లేకపోతే డిస్కుల మీది ఫైల్ సిస్టమ్‌లను అన్‌మౌంట్ చేయాలి. తర్వాత డ్రైవర్ కొత్త పనులు తీసుకోవడం మానాలి. కార్డు దగ్గర మిగిలినవి పూర్తి కానివ్వాలి. మెమరీలోకి రాసే హక్కును కార్డు నుంచి లాక్కోవాలి, ఇచ్చిన చోటును వెనక్కి తీసుకోవాలి. అప్పుడు గానీ స్లాట్ సరఫరా ఆగకూడదు. చేయి వేసే వంతు అన్నిటికన్నా చివర వస్తుంది. అప్పుడైనా మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ ఉండాలి. సుమారు 3,000 వోల్టులు దాటితే గానీ స్థిర విద్యుత్తు మన చర్మానికి తెలియదు. కొన్ని చిప్పులు చెడటానికి వంద వోల్టులు కూడా అక్కర్లేదు.

ఇందులో రెండు గోతులున్నాయి. ఒకటి, లినక్స్‌లో కార్డు చిరునామా 0000:03:00.0 లాగా ఉంటుంది. చివరి అంకె ఆ కార్డులోని ఒక భాగాన్ని సూచిస్తుంది. రెండు పోర్టుల కార్డుకు 0, 1 అని రెండు చిరునామాలుంటాయి. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని ఆ రెండు పోర్టులనే జతకట్టి పెట్టుకున్నవాళ్లుంటారు. కార్డు ఒకటే కాబట్టి తీసిన క్షణాన రెండూ పోతాయి. కాగితం మీద జంట, స్లాట్‌లో ఒంటరి.

రెండోది ఇంకా మోసకారి. లినక్స్‌లో ప్రతి పరికరానికీ 'రిమూవ్' అనే చిన్న ఫైలుంటుంది. అందులోకి 1 అని రాస్తే డ్రైవర్ వదిలేస్తుంది, పరికరాల జాబితాలోంచి కార్డు పేరు పోతుంది. చూసేవాళ్లకు పని అయిపోయిందనిపిస్తుంది. నిజానికి లినక్స్ ఆ కార్డును మరిచిపోయిందంతే. స్లాట్‌లో 12 వోల్టులు అలాగే ఉండవచ్చు. సరఫరా ఆపడానికి స్లాట్‌కు వేరే ఫైలుంటుంది, అందులో 0 రాయాలి. మీ సర్వర్‌లో ఆ స్లాట్‌కు అలాంటి ఫైలు గానీ దీపం గానీ బటన్ గానీ లేకపోతే, అది నడుస్తుండగా కార్డు తీసే స్లాట్ కాదనే అనుకోవాలి. చాలా మామూలు సర్వర్లలో స్లాట్లు ఇలాంటివే. అక్కడ సర్వర్‌ను ఆపాలి, గోడ ప్లగ్ కూడా పీకాలి. ఎందుకంటే ఆపిన సర్వర్‌లోనూ స్లాట్‌కు 3.3 వోల్టుల స్టాండ్‌బై సరఫరా అందుతూ ఉండవచ్చు.

నన్నడిగితే, కార్డుల హాట్‌ప్లగ్‌కు మంచిరోజులు దాటిపోయాయి. వేల సర్వర్లున్న క్లౌడ్ కంపెనీకి ఒక్క సర్వర్ ఆగడం పెద్ద విషయం కాదు. అందులోని పనులను పక్క యంత్రానికి మార్చి, తీరిగ్గా ఆపి, మూత తెరుస్తారు. ఈ విద్య ఇప్పుడు బతికి ఉన్నది సర్వర్ ముందు అరల్లో జారే ఎన్‌వీఎంఈ డిస్కుల్లో. అవీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ పరికరాలే. వాటిని చెప్పకుండా లాగేస్తారని ముందే ఊహించి, డ్రైవర్లు అన్నీ ఒకట్లే వచ్చాయంటే పరికరం పోయిందేమోనని అనుమానించడం నేర్చుకున్నాయి. ఆ ఒక్క పోర్టులో పుట్టిన తప్పు సర్వర్ అంతా పాకకుండా లింకును అక్కడే మూసేసే సదుపాయమూ చిప్పుల్లోకి వచ్చింది.

విచిత్రమేమిటంటే, ఈ తతంగం చేతులే లేని చోట కూడా జరుగుతుంది. క్యూఎమూ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే వర్చువల్ మెషిన్‌లోంచి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ పద్ధతిలో ఒక కల్పిత కార్డును తీయాలంటే, క్యూఎమూ, లేని బటన్‌ను నొక్కినట్టు నటిస్తుంది. లోపలి లినక్స్ లేని దీపాన్ని మిణుకుమనిపించి, ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనని ఐదు సెకన్లు ఆగుతుంది. 2021లో వచ్చిన క్యూఎమూ 6.1 వెర్షన్ నుంచి కొత్త తరహా ఇంటెల్ నమూనా యంత్రాల్లో ఏసీపీఐ అనే వేరే దారిని మామూలు పద్ధతి చేశారు. ఆ దారిలో బటనూ లేదు, ఐదు సెకన్లూ లేవు. డ్రైవర్ వదిలిపెట్టేదాకా ఆగడం మాత్రం అక్కడా తప్పదు.