రోస్టర్ చదవని సామాజిక న్యాయం

ఆచార్య కె.ఎస్. చలం ప్రస్థానాన్ని ఒక వ్యక్తి విజయగాథగా మాత్రమే చదవడం నాకు సమ్మతం కాదు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించారు. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, యూపీఎస్సీ సభ్యుడిగా పనిచేశారు. ఎవరు బోధించాలి, విద్యాసంస్థను ఎవరు నడపాలి, ఎవరు అధికారి కావాలి అన్న నిర్ణయాలను లోపలి నుంచి చూశారు. రిజర్వేషన్లను మానవాభివృద్ధితో ముడిపెట్టి పరిశీలించిన ఆయన గ్రంథం 2007లో వెలువడింది.

ప్రభుత్వ విధానాల అధ్యయనం బహుజనులకు ఎందుకు అవసరమో 2019 చాటింది. అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్లకు విశ్వవిద్యాలయాన్ని కాక శాఖను యూనిట్‌గా తీసుకోవాలన్న అలహాబాద్ హైకోర్టు తీర్పు ఆ జనవరిలో సుప్రీంకోర్టులో నిలిచింది. 13 పాయింట్ల రోస్టర్‌లో ఓబీసీలకు తొలి అవకాశం నాలుగో పోస్టు, ఎస్సీలకు ఏడోది, ఎస్టీలకు పద్నాలుగోది. అంటే ఒక శాఖలోని తొలి ఆరు పోస్టుల్లో ఎస్సీలకు ఒక్కటీ దక్కదు. రాజ్యాంగంలో అక్షరం మారలేదు, లెక్కించే పద్ధతి మాత్రమే మారింది. దేశవ్యాప్త నిరసనల తర్వాత, అదే ఏడాది పార్లమెంటు చట్టం చేసి కేంద్ర విద్యాసంస్థల్లో పాత పద్ధతిని పునరుద్ధరించింది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల నుంచి చదువుకు వస్తున్న తొలితరం విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. నినాదంతో పాటు రోస్టర్‌నూ చదవండి. మీ విద్యాసంస్థలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో, అవి ఏ వర్గాలవో సమాచార హక్కు చట్టం కింద అడగండి.