తోటకూ చెరువుకూ చుట్టరికం

పెద్ద వాన వెలిసిన వెంటనే మీ వీధి కాల్వలో పారే నీటిని ఎప్పుడైనా గమనించారా? ఆకాశం నుంచి పడేటప్పుడు తేటగా ఉన్న నీరు, కాల్వలోకి వచ్చేసరికి టీ రంగుకు మారిపోతుంది. దారిలో దానికి మట్టి, ఎండుటాకులు, పేడ, తోటల్లో చల్లిన ఎరువు, పురుగుమందు తోడవుతాయి.

ఆ నీరు ఎక్కడికి పోతుంది? ఎక్కడో శుద్ధి చేస్తారులే అని చాలామంది అనుకుంటారు. కాని వాన కాల్వలు చాలా చోట్ల తిన్నగా చెరువులోకో, వాగులోకో పోతాయి. మధ్యలో వడపోత ఏమీ ఉండదు. హైదరాబాదులోని హుసేన్‌సాగర్‌నే చూడండి. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు వానాకాలంలో ఊరి నీటిని మోసుకొచ్చేది ఆ చెరువుకే.

బలమే విషమైతే?

ఎరువు మొక్కకు బలం. నీటిలోని నాచుకు కూడా అది బలమే! చెరువులో నత్రజని, భాస్వరం పెరిగితే శైవలాలు విపరీతంగా పెరిగి, నీటి మీద పచ్చని తెరలా కమ్ముకుంటాయి. పగలు అవి కిరణజన్య సంయోగక్రియ వల్ల ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రి వెలుతురు ఉండదు కనుక, నీటిలోని ప్రాణవాయువును పీల్చుకోవడమే తప్ప ఇవ్వడం ఉండదు. అవి చచ్చి కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు మిగిలిన ప్రాణవాయువును కూడా వాడేస్తాయి. ఇలాంటి చెరువుల్లో తెల్లవారేసరికి చేపలు చచ్చి తేలడానికి ఒక ముఖ్య కారణం ఇదే. చెరువులో పోషకాలు మితిమీరి ఇలా జరగడాన్ని 'యూట్రోఫికేషన్' అంటారు.

ఈ పోషకాల్లో అసలు దోషి ఏది? దీన్ని తేల్చడానికి 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం ఒక చక్కని ప్రయోగం చేసింది. నడుము సన్నగా ఉన్న ఒక చిన్న సరస్సుకు మధ్యలో తెర కట్టి రెండు భాగాలు చేశారు. రెండింటిలోనూ కర్బనం, నత్రజని కలిపారు. ఒక భాగంలో మాత్రం భాస్వరం కూడా కలిపారు. కొద్ది వారాల్లో భాస్వరం కలిపిన భాగం పచ్చబడిపోయింది. రెండో భాగం మామూలుగానే ఉండిపోయింది!

భాస్వరం ప్రయాణం

యూరియా నీటిలో ఇట్టే కరిగి కొట్టుకుపోతుంది. భాస్వరం దారి వేరు. అది ఎక్కువగా మట్టి రేణువులను అంటిపెట్టుకొని ఉంటుంది. అందువల్ల మట్టి కొట్టుకుపోతే దానితోపాటే పోతుంది. మట్టిని ఆపితే భాస్వరాన్ని చాలావరకు ఆపినట్లే.

రాలిన ఆకుల్లో కూడా భాస్వరం ఉంటుంది. వేడినీళ్ళలో టీ పొడి రంగు దిగినట్లే, కాల్వలో నానిన ఆకుల నుంచి భాస్వరం నీటిలోకి దిగుతుంది. అమెరికాలోని మాడిసన్ నగరంలో ఆకురాలు కాలంలో కొన్ని వీధుల ఆకులను వాన రాకముందే ఎత్తివేసి పరీక్షించారు. వాన నీటితో కొట్టుకుపోయే భాస్వరం 84 శాతం తగ్గిందని 2016లో ప్రకటించారు. చీపురు, గంప చేసిన పని అది!

మనం ఏం చెయ్యాలి?

1. మబ్బు పట్టి ఉన్నప్పుడు ఎరువు చల్లకూడదు. చల్లిన ఎరువును మట్టిలో కలపాలి. భూసార పరీక్ష చేయిస్తే ఎంత కావాలో అంతే వేయవచ్చు.

2. ఊడ్చిన ఆకులను కాల్వలోకి తొయ్యకూడదు, తగలబెట్టకూడదు. కంపోస్టు గుంటలో వేస్తే మంచి ఎరువు అవుతుంది.

3. నేలను ఉత్తగా వదలకూడదు. గరిక పెంచండి, లేదా ఎండుగడ్డి పరవండి. గట్ల వాలు మీద వట్టివేరు నాటితే దాని లోతైన వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి.

4. ఇసుక, మట్టి కుప్పలను కాల్వ పక్కన పోయకూడదు. పోస్తే పట్టా కప్పాలి.

5. పురుగుమందు కొట్టిన పంపును కాల్వ దగ్గర కడగకూడదు.

6. కప్పు మీది వాన నీటిని రోడ్డు మీదికి కాక, మొక్కల పాదులకో ఇంకుడు గుంతకో మళ్ళించాలి.

చేసి చూడండి

రెండు పెద్ద ప్లాస్టిక్ సీసాలను పెద్దల సాయంతో నిలువునా కోయించండి. మూతి భాగం అలాగే ఉంచి, మూత తీసెయ్యండి. ఒకదానిలో ఉత్త మట్టి, రెండోదానిలో గడ్డితో సహా పెళ్ళగించిన మట్టి నింపండి. రెండింటినీ మూతి వైపుకు వాలుగా ఉంచి, మూతుల కింద గాజు గ్లాసులు పెట్టండి. ఒక్కొక్కదాని మీద ఒక చెంబెడు నీళ్ళు నెమ్మదిగా పొయ్యండి. ఏ గ్లాసులో నీరు తేటగా ఉంది? ఏది ముందుగా నిండింది? కారణం మీ నోటు పుస్తకంలో రాయండి.

ఈసారి వాన వెలిశాక మీ బడి ఆవరణలో నీరు ఏ మూల నుంచి బయటకు పోతోందో చూసి పటం గీయండి. ఆ మూలన ఉత్త నేల ఉంటే, గరిక నాటవలసిన చోటు అదే.