రంధ్రమా, కోతా? బెంగళూరు బయలుదేరే ముందు

హిందూపురం, కుప్పం, మదనపల్లె ప్రాంతాలవారు పెద్ద జబ్బు చేస్తే బెంగళూరు వైపు చూస్తారు. ప్రేగు మూసుకుపోయిన రోగిని అక్కడికి చేర్చగానే బంధువులు సంతకం చేయవలసిన అంగీకార పత్రంలో తరచుగా ఒక మాట ఉంటుంది: లాపరోస్కోపీతో ప్రారంభించి, అవసరమైతే పొట్ట కోసి చేసే పద్ధతికి మారవచ్చును. ఆ పత్రం ఇంగ్లీషులోనో, కన్నడంలోనో ఉంటుంది. (కన్నడ లిపి మన లిపికి తోబుట్టువే అయినా, ఆ గాభరాలో కూడబలుక్కొని చదివే ఓపిక ఎవరికుంటుంది?)

లాపరోస్కోపీలో బొడ్డు వద్ద సుమారు సెంటీమీటరు రంధ్రం చేసి, కార్బన్ డయాక్సైడుతో పొట్టను ఉబ్బించి, కెమెరాను లోనికి పంపుతారు. పనిముట్లకు మరి రెండు మూడు రంధ్రాలు. జర్మనీ వైద్యుడు కుర్ట్ సెమ్ 1980లో ఈ విధంగా అపెండిక్సును తొలగించినప్పుడు సాటి వైద్యులే ఆక్షేపించారు. నేడు అపెండిక్సుకు ఇది సాధారణ పద్ధతి. నొప్పి తక్కువ, గాయం చీము పట్టే ప్రమాదమూ తక్కువ.

మూసుకుపోయిన ప్రేగు సంగతి వేరు. గాలి, నీరు నిలిచి ప్రేగు ఉబ్బితే కెమెరాకు చోటుండదు. పలచబడిన గోడ పనిముట్టు తగిలినా చిరగవచ్చును. పాత ఆపరేషన్ల వలన ప్రేగులు అతుక్కొని ఉంటే మరీ కష్టం. ప్రేగు కుళ్ళి, రోగి రక్తపోటు పడిపోతే కోతే క్షేమం. ఎందుకంటే పొట్టలో నింపిన వాయువు ఒత్తిడి గుండెకు తిరిగివచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. ఫిన్లాండ్, ఇటలీలలో జరిగి 2019లో వెలువడిన పరిశీలనలో లాపరోస్కోపీ రోగులు ఒక రోజుకు పైగా ముందుగా కోలుకొని ఇల్లు చేరారు. అయితే వారు ఒకే అతుకు అడ్డుపడి ఉండవచ్చునని తోచి, ఏరి ఎంపిక చేసినవారు. కనుక మధ్యలో కోతకు మారితే దానిని వైఫల్యమనో, మోసమనో అనుకొనరాదు.

అంతకన్నా నన్ను కలవరపరిచేది వేరొకటి. స్థానిక శస్త్రవైద్యుడు "ఇప్పుడే కోయాలి" అంటే, రంధ్రాలతో పోతుందన్న ఆశతో బండి కట్టించుకొని బెంగళూరు పోవడం. రక్తప్రసరణ ఆగిన ప్రేగు కొద్ది గంటలలోనే చచ్చిపోతుంది. అడగవలసిన ప్రశ్న కోత ఎంత అని కాదు, ప్రేగుకు రక్తం అందుతున్నదా, ఎంతసేపు ఆగవచ్చును అని.

ఆగవచ్చునని వైద్యుడే చెప్పి పంపితే, దారిలో నోటికి ఏమీ ఇవ్వరాదు. విరేచనాల మందు అసలే కూడదు. పాత ఆపరేషన్ల కాగితాలు వెంట ఉండాలి. మన ఆడవారు కుటుంబ నియంత్రణ ఆపరేషనును, గర్భసంచి తీయించుకున్న సంగతిని లెక్కలో చెప్పరు. అవీ చెప్పాలి.