గాలి మలుపులో గండం
పుదుచ్చేరి తీరంలో మధ్యాహ్నపు చల్లగాలి షికారుకొచ్చిన వారికి హాయి, చిన్న విమానం నడిపే పైలట్‌కు పరీక్ష

జూన్, జులై నెలల్లో ఓ ఉదయం. పుదుచ్చేరి శివారు లాస్‌పేట విమానాశ్రయంలో దిక్కు చూపే గాలిసంచి పడమటి గాలికి ఊగుతుంటుంది. మధ్యాహ్నమయ్యేసరికి అదే సంచి ఒక్కసారిగా సోలిపోతుంది. కాసేపటికి దిక్కు మార్చుకుని బిగుసుకుంటుంది. సముద్రపు గాలి వచ్చేసిందన్నమాట. బీచ్ రోడ్డులో జనం సేదదీరేది ఆ గాలికే. సరిగ్గా అప్పుడే విమానాన్ని దించుతున్న పైలట్‌కు మాత్రం గుండె జారుతుంది.

కారణం తేలికే. నేల వేడెక్కినంత త్వరగా సముద్రం వేడెక్కదు. నేల మీది వేడిగాలి పైకి లేస్తుంటే సముద్రం మీంచి చల్లగాలి చొచ్చుకొస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో పైన పడమటి గాలి వీస్తుండగానే కింద ఈ గాలి పరుచుకుంటుంది. ఇలా కొద్దిపాటి దూరంలోనే గాలి వేగమో, దిక్కో హఠాత్తుగా మారడాన్నే విండ్ షియర్ అంటారు.

ఎంత ప్రమాదమో లెక్క వేస్తే తెలుస్తుంది. శిక్షణలో విరివిగా వాడే సెస్నా 172 సుమారు 65 నాట్ల వేగంతో దిగుతుంది (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు). అందులో 15 నాట్లు ఎదురుగాలి పుణ్యమే అనుకుందాం. ఆ గాలి ఉన్నట్టుండి ఆగిపోతే మిగిలేది 50 నాట్లు. ఫ్లాప్స్ తెరవని స్థితిలో 48 నాట్ల దగ్గరే రెక్కలు విమానాన్ని మోయలేక చేతులెత్తేస్తాయి. నేల 200 అడుగుల దిగువనే ఉంటే కోలుకునే వ్యవధి దాదాపు ఉండదు.

పక్కగాలిది మరో తంటా. లాస్‌పేట రన్‌వే సుమారు 1,500 మీటర్లు. తూర్పు-ఈశాన్యం, పడమర-నైరుతి దిక్కుల్లో ఉంటుంది. ఆగ్నేయం వైపు నుంచి 20 నాట్ల సముద్రపు గాలి వీస్తే అందులో 15 నాట్లకు పైగా పక్క నుంచే తోస్తుంది. సెస్నా 172 తట్టుకోగలదని పరీక్షల్లో చూపింది కూడా 15 నాట్లే.

ఉరుముల మేఘం వీటన్నిటికంటే భయంకరం. దాని నుంచి కిందికి విరుచుకుపడే గాలి నేలను తాకి నలుదిక్కులా చెదిరిపోతుంది. అందులోకి వెళ్లిన విమానానికి ముందు ఎదురుగాలి తగిలి పైకి లేపుతుంది, ఆపై కిందికి తొక్కుతుంది, చివరికి వెనకగాలి వేగాన్ని మింగేస్తుంది. 1985 ఆగస్టు 2న అమెరికాలోని డాలస్‌లో డెల్టా 191 విమానం ఇలాగే కూలి 137 మంది చనిపోయారు.

తెలుగువారు ఈ పాఠాన్ని విషాదంగానే నేర్చుకున్నారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలింది. అందులోని ఐదుగురూ మరణించారు. కిందికి తోసే తీవ్రమైన గాలిలో చిక్కుకుని హెలికాప్టర్ అదుపు తప్పిందని విచారణ కమిటీ తేల్చింది.

మరి దారేది? తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 20 మైళ్ల దూరం ఉండమంటాయి విమానయాన మార్గదర్శకాలు. గాలి విసురుగా ఉంటే, మామూలు గాలికీ విసురుకూ ఉన్న తేడాలో సగాన్ని దిగే వేగానికి కలుపుకోవాలి. అంటే 12 నాట్ల గాలి 22కు ఎగిసిపడుతుంటే 5 నాట్లు అదనం. అనుమానమొస్తే మళ్లీ పైకి లేవాలి. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి వైపు వస్తుండగా చెన్నైలో ఓ విమానం రన్‌వే దగ్గర అటూఇటూ ఊగి, ఆఖరి క్షణంలో ఆకాశంలోకి లేచింది. ఆ వీడియో చూసినవారు హడలిపోయారు. నిజానికి పైలట్ చేసింది సరైన పనే.

చిన్న విమానాలకు ఇది మరీ ముఖ్యం. వాటిలో చాలావాటికి విండ్ షియర్‌ను ముందే పసిగట్టే పరికరాలుండవు. ఉన్నవల్లా వాతావరణ నివేదిక, గాలిసంచి, పైలట్ విచక్షణ. పొద్దుటే ఎగిరి, సముద్రపు గాలి రాకముందే దిగిపోవడం పిరికితనం కాదు, వృత్తిధర్మం.