ముగ్గురు మేస్త్రీలు... ఒకే కాగితం

సొంతిల్లు గుత్తకు ఇచ్చేటప్పుడు అడుగుకు ఎంతని అడుగుతాం. ఏ పనికి, ఏ కొలతకు అని అడగం. కడప జిల్లా కమలాపురం లాంటి రేగడి నేలల్లో ఆ లోటు లక్షల మీదికి తెస్తుంది.

కట్టుబడి సామాన్ల కోసం కమలాపురం వాళ్లు దూరం పోవాల్సిన పనిలేదు. మండలంలోని నల్లలింగాయపల్లెలోనే సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. ఎర్రగుంట్ల దారి పడితే నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు. పాపఘ్ని, పెన్న రెండూ పక్కనే. 2024 జులై నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితం, లోడింగు, రవాణా వంటి ఖర్చులు పెట్టుకుంటే చాలు. ఇన్ని అందుబాటులో ఉన్నా, స్లాబు పడేసరికి డబ్బులైపోయి ఇంట్లో బంగారం తాకట్టుకు పోయే కుటుంబాలున్నాయి. చాలాసార్లు తప్పు సామాన్ల ధరలో ఉండదు, గుత్త మాట్లాడుకున్న తీరులో ఉంటుంది.

తెలిసిన బేల్దారిని స్థలం దగ్గరికి పిలుస్తాం. పంచ ఇక్కడ, వంటిల్లు అక్కడ అని చేత్తో చూపిస్తాం. ‘అడుగుకు ఎంత తీసుకుంటావన్నా?’ అంటాం. ఇంకో ఇద్దరినీ అలాగే అడిగి, తక్కువ చెప్పినవారి చేతిలో అడ్వాన్సు పెడతాం. కానీ ఆ ముగ్గురూ తమ మనసులో మూడు వేర్వేరు ఇళ్లు కట్టుకుని ధర చెప్పారు. వాటిలో ఏది తక్కువో తేల్చడం ఎవరి తరమూ కాదు.

అడుగంటే ఏ అడుగు?

30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న ఇల్లనుకుందాం. గోడల బయటి కొలతతో లెక్కేస్తే 1,200 చదరపు అడుగులు. స్లాబు నాలుగు వైపులా అడుగున్నర బయటికొస్తే, స్లాబు కొలతతో 1,419. ధర మారకపోయినా 219 అడుగుల డబ్బు అదనం. మెట్లు, పిట్టగోడ, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ ఆ ధరలో ఉన్నాయో లేదో పని సగమయ్యాక తెలిస్తే ఇరుపక్షాలకూ మనస్పర్థలే.

రేగడి అడిగే లెక్క

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలు బారుతుంది. పునాది సరిగా లేకపోతే గోడలూ నెర్రెలిస్తాయి. గట్టి నేల నాలుగడుగుల్లో తగులుతుందో, ఎనిమిదడుగులు తవ్వాలో తెలియకుండానే మొత్తం ఇంటికి ఒక ధర చెప్పమంటే బేల్దారి ఏం చేస్తాడు? భయపడి ఎక్కువ చెబుతాడు, లేదా తక్కువ చెప్పి తర్వాత పునాదిలో మిగుల్చుకుంటాడు. ముందే మట్టి పరీక్ష చేయిస్తే, మామూలు ఫుటింగులు చాలునా, అడుగున వెడల్పయ్యే అండర్‌రీమ్డ్ పైల్స్ కావాలా అన్నది ఇంజినీరు చెబుతారు. తవ్వకానికి, పునాది కాంక్రీటుకు అడుగు ధరతో ముడిపెట్టకుండా ఘనపు మీటరు లెక్కన విడిగా ధర అడగండి.

నీళ్ల సంగతీ అంతే. పొడి వేడి వాతావరణంలో కాంక్రీటును కనీసం 10 రోజులు తడపాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. బూడిద కలిసిన పీపీసీ సిమెంటయితే 14 రోజులు మేలంటోంది. ఎండాకాలం ట్యాంకరు నీళ్లు ఎవరు తెప్పించాలి? కాగితంలో రాయని నీళ్లు స్లాబు మీద పడవు.

సర్కారు పద్ధతి మన ఇంటికీ

ప్రభుత్వం చిన్న బడి గది కట్టించినా ముందు పనుల పరిమాణాలు లెక్కగడుతుంది. ఒక్కో పనికి ధరల పట్టిక ఉంటుంది. టెండరు వేసే అందరికీ అదే పత్రం అందుతుంది. మనమూ అదే చేయొచ్చు. ప్లానుతోపాటు స్ట్రక్చరల్ డ్రాయింగులు గీయించి, తవ్వకం నుంచి సున్నం దాకా పనుల పట్టిక రాయించండి. ధర గడి మాత్రం ఖాళీగా ఉంచి ముగ్గురికీ ఇవ్వండి. ఇనుము కిలోల్లో రాయించండి. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.888 కిలోలు తూగాలి, తూకం తక్కువైతే అక్కడికక్కడే పట్టుకోవచ్చు. బండపరుపులో రాయి సైజు, పరిచే కూలి, పాలిష్ వేర్వేరు గడుల్లో ఉండాలి.

కువైట్‌లో ఎండకు మాడి ఇంటికి డబ్బు పంపేవారికి ఈ పట్టిక ఇంకా అవసరం. వీడియో కాల్‌లో గోడ కనిపిస్తుంది, గోడలో కలిపిన సిమెంటు పాళ్లు కనిపించవు.

సంతకానికి ముందు

• కూలి గుత్తా, సామాన్లతో సహానా? ఒక్క సొంతింటికి కూలి మాత్రమే గుత్తకిస్తే జీఎస్టీ లేదు. సామాన్లతో సహా ఇస్తే, జీఎస్టీ నమోదున్న కాంట్రాక్టరు 18 శాతం వేయాలి. అది ధరలో కలిసిందో లేదో అడగండి.
• అదనపు పని వస్తే ఏ ధరకో ముందే రాసుకోండి.
• పునాది, లింటెల్, స్లాబు, ప్లాస్టరింగు... ఏ దశ ముగిస్తే ఆ దశ డబ్బే ఇవ్వండి. కొంత మొత్తం మొదటి వానాకాలం దాటేదాకా ఆపుకొనేలా ఒప్పందం చేసుకోండి.
• ఒప్పంద పత్రం, రసీదులు దాచండి. ఇంటి నిర్మాణం 2019 వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోని సేవే.

ఈ కాగితం బేల్దారిని అనుమానించడానికి కాదు. నోటిమాట బేరంలో మొదట దెబ్బతినేది నిజాయతీగా అన్నీ కలుపుకొని ధర చెప్పినవాడే. సగం పనులు దాచి తక్కువ చెప్పినవాడికి గుత్త పోతుంది. పట్టికలో ప్రతి గడీ నింపి, ‘ఇక్కడ ఇంజినీరు లోతు తక్కువ వేశాడన్నా’ అని చెప్పగలిగిన మేస్త్రీ దొరికితే, ఆయన ధర కాస్త ఎక్కువైనా పని ఆయనకే ఇవ్వండి. ఆ ఎక్కువ ఎందుకో ఆయన రాసిన కాగితంలోనే ఉంటుంది.