పాము కాటుకు మందు సీసాలో ఉంది, ప్రాణం దారిలో ఉంది

ప్రయోగశాలల్లో కొత్త పరిశోధనలు - అవి అందేదాకా మొదటి గంటలే కీలకం

తొలకరి పడి అరకలు కదిలే వేళకు పుట్టల్లో, గట్ల బొరియల్లో ఉన్న పాములూ బయటకు వస్తాయి. నాట్లు, కలుపుతీత, పచ్చగడ్డి కోత, రాత్రిపూట మడికి నీరు కట్టడం - ఇవన్నీ పాదం ఎక్కడ పడుతోందో కనబడని పనులే. మన దేశంలో పాము కాటు మరణాల్లో సుమారు సగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు గల నాలుగు మాసాల్లోనే సంభవిస్తున్నాయి.

2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో దేశంలో దాదాపు 12 లక్షల మంది పాము కాటుతో మరణించారని శాస్త్రజ్ఞులు 2020లో అంచనా వేశారు. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది, లేదా ప్రతి తొమ్మిది నిమిషాలకు ఒకరు. ఇంటింటికీ వెళ్లి ఎవరు ఎలా చనిపోయారో అడిగి తెలుసుకున్న లెక్కలపై ఈ అంచనా ఆధారపడింది. ఇదే పద్ధతిలో 2011లో వెలువడిన మరో పరిశీలన మన ప్రాంతం గురించి చేదు నిజం చెప్పింది. జనాభా నిష్పత్తి ప్రకారం చూస్తే పాము కాటు మరణాలు అత్యధికంగా ఉన్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏడాదికి సుమారు 5,200 మంది ఇక్కడ ఈ కారణంగా చనిపోతున్నట్లు అది తేల్చింది. దేశం మొత్తం మీద మరణించిన వారిలో నూటికి 97 మంది పల్లెవాసులు. ఆసుపత్రిలో కన్నుమూసిన వారు నూటికి 23 మంది మాత్రమే. మిగిలిన వారంతా ఇంటి వద్దనో, దారిలోనో, మరెక్కడో ప్రాణాలు విడిచారు.

గుర్రం ఇచ్చిన మందు

పాము విషానికి విరుగుడు మందు కనిపెట్టి నూరేళ్లు దాటింది. 1890 దశకంలో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ కాల్మెట్ దీనికి దారి చూపాడు. పద్ధతి ఇప్పటికీ దాదాపు అదే. పాము విషాన్ని చాలా కొద్ది మోతాదులో గుర్రానికి ఎక్కిస్తారు. క్రమంగా మోతాదు పెంచుతారు. గుర్రం చావకుండా తన రక్తంలో విషాన్ని విరిచే పదార్థాలను తయారు చేసుకుంటుంది. ఆ రక్తం నుంచి వాటిని వేరుచేసి, శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. దీనికి కావలసిన విషాన్ని చాలాకాలంగా తమిళనాడులోని మహాబలిపురం సమీపాన గల ఇరుళర్ పాములు పట్టేవారి సహకార సంఘం సరఫరా చేస్తోంది. ఈ సంఘం 1978లో ఏర్పడింది. ఇరుళ తెగకు చెందిన ఇద్దరు పాములు పట్టేవారికి 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

మన దేశంలో దొరికే మందు నాలుగు పాముల విషానికి పనిచేస్తుంది - నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసేవి ఈ నాలుగే.

ఆసుపత్రిలో ఒకేసారి అన్ని సీసాలు ఎందుకు ఎక్కిస్తారని చాలామంది బంధువులు అడుగుతుంటారు. లెక్క ఇది. ఒక సీసా మందు 6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరుస్తుంది. రక్తపింజర ఒక్క కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం వదులుతుంది. అందువల్లే మొదట 8 నుంచి 10 సీసాలు ఎక్కించాలని వైద్య నిబంధనలు చెబుతున్నాయి. పసిపిల్లకైనా ఇంతే ఇవ్వాలి. పిల్లను కరిచానని పాము విషం తగ్గించి వదలదు గదా!

ఈ మందుకు లోపాలు లేకపోలేదు. గుర్రం రక్తం నుంచి వచ్చింది కనుక కొందరి ఒంటికి పడదు. దద్దుర్లు, వణుకు, ఆయాసం వస్తాయి, రక్తపోటు పడిపోతుంది. అందుకే అడ్రినలిన్ ఇంజక్షన్ సిద్ధంగా ఉంచుకుని వైద్యుల పర్యవేక్షణలోనే ఎక్కించాలి. రెండో లోపం మరీ ముఖ్యమైనది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో డాక్టర్ కార్తీక్ సునగర్ బృందం 2019 నుంచి వెలువరించిన పరిశోధనల్లో చూపింది. ఒకచోటి పాముల విషంతో తయారైన మందు వేరొక చోటి పాము విషాన్ని అంత బాగా విరవడం లేదు. ఏ ప్రాంతానికి తగిన మందు ఆ ప్రాంతానికి తయారు కావాలన్న వాదనకు ఈ పరిశోధనలే ఆధారం.

గుర్రంతో పనిలేని మందు

ఈ లోపాలను దాటాలని ప్రపంచమంతటా ప్రయోగాలు జరుగుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థ, బెంగుళూరు సంస్థ కలిసి ప్రయోగశాలలోనే తయారుచేసిన ఒక విరుగుడు వివరాలు వెల్లడించాయి. ఇది మనిషి శరీరంలో పుట్టే రక్షక పదార్థాల వంటిదే కనుక గుర్రపు మందు వల్ల వచ్చే ఇబ్బందులు తక్కువగా ఉంటాయని ఆశిస్తున్నారు. కట్లపాము, నాగుపాము జాతులకు చెందిన కొన్ని పాముల విషం నుంచి, ఆఫ్రికాలోని బ్లాక్ మాంబా విషం నుంచి అది ఎలుకలను కాపాడింది.

2025 జనవరిలో మరో వింత వార్త వచ్చింది. 2024లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న డేవిడ్ బేకర్ బృందం కంప్యూటరు సాయంతో, సృష్టిలో ఎక్కడా లేని కొత్త మాంసకృత్తులను రూపొందించింది. నాగుపాము కుటుంబపు పాముల విషంలో ఉండే కొన్ని ముఖ్య పదార్థాలకు ఇవి తాళం కప్పకు చెవిలా అతుక్కుని పని చెడగొడతాయి. ఇవీ ఎలుకలను రక్షించాయి.

అదే ఏడాది మే నెలలో వెలువడిన పరిశోధన అందరినీ ఆశ్చర్యపరిచింది. అమెరికాకు చెందిన టిమ్ ఫ్రీడీ అనే వ్యక్తి సుమారు పద్దెనిమిదేళ్లపాటు తన ఒంట్లోకి తానే పాము విషం ఎక్కించుకున్నాడు. పాముల చేత రెండు వందల సార్లకు పైగా కరిపించుకున్నాడు. అతని రక్తం నుంచి తీసిన రెండు రక్షక పదార్థాలకు వారెస్‌ప్లాడిబ్ అనే మందు కలిపి ఎలుకలపై ప్రయోగించారు. నాగుపాము కుటుంబానికి చెందిన 19 జాతుల విషాల్లో 13 జాతుల నుంచి పూర్తి రక్షణ, మిగిలిన ఆరింటి నుంచి కొంత రక్షణ లభించింది. అయితే ఇతనిని చూసి ఎవరూ ఆ పని తలపెట్టరాదు. ఒకసారి రెండు కాట్లు తిని అతను రోజుల తరబడి స్పృహ లేకుండా ఆసుపత్రిలో పడి ఉన్నాడు.

ఈ మూడు పరిశోధనల్లోనూ రైతు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. మూడూ ఎలుకలపై జరిగినవే. మూడూ నాగుపాము, కట్లపాముల కుటుంబానికే గాని పింజర జాతికి కాదు. మన పొలాల్లో రక్తం విరిచి మూత్రపిండాలు చెడగొట్టే రక్తపింజరకు గుర్రపు మందే ఇప్పటికీ దిక్కు. వారెస్‌ప్లాడిబ్‌ను మాత్రం భారత్, అమెరికాల ఆసుపత్రుల్లో పాము కాటు రోగులకు బిళ్లల రూపంలో ఇచ్చి చూశారు. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాటు పడిన ఐదు గంటల లోపు మందు పడిన వారిలో మాత్రం మేలు కనిపించింది. అంటే కొత్త మందైనా, పాత మందైనా వేళకు పడితేనే ఫలితం.

మోటారు సైకిలే మందైన వేళ

వేళ ఎంత ముఖ్యమో నేపాల్ పల్లెలు నిరూపించాయి. ఆ దేశపు ఆగ్నేయ భాగంలోని తెరాయి మైదానం మన పల్లెల వంటిదే. వరి పొలాలు, మట్టిళ్లు, అవే నాగుపాములు, అవే కట్లపాములు. అక్కడ కొన్ని పల్లెల్లో మోటారు సైకిలు ఉన్న యువకులను ముందే ఎంపిక చేసి ఉంచారు. కాటు పడిన కబురు అందగానే, పగలైనా రాత్రయినా, బాధితుణ్ణి నడిపే వ్యక్తికీ వెనుక పట్టుకునే మరో మనిషికీ మధ్య కూర్చోబెట్టుకుని తిన్నగా పాము కాటు చికిత్సా కేంద్రానికి చేర్చారు. ఏం చేయాలో, ఏం చేయకూడదో ఊరందరికీ నేర్పారు. 2013లో ప్రచురితమైన ఫలితం ఇది: అంతకుముందు ఆ పల్లెల్లో పాము కాటు పడిన ప్రతి నూరుగురిలో పదిమందికి పైగా చనిపోయేవారు. ఆ తర్వాత రెండు వందల మందికి ఒక్కరు! ఇందుకోసం కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఉన్న మందు వద్దకు మనిషిని వేళకు చేర్చారు, అంతే.

మంత్రం ఫలించినట్లు ఎందుకు కనిపిస్తుంది?

మంత్రం వేయించినా, పసరు పోయించినా బతికినవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అది అబద్ధం కాదు. కాని మనకు కనిపించే పాముల్లో జెర్రిపోతు, నీరుకట్టె, పసిరిక వంటి ప్రాణహాని లేనివే ఎక్కువ. విషపు పాము కరిచినా కొన్నిసార్లు విషం వదలదు. ఇటువంటి వారు మంత్రం వేసినా, వేయకపోయినా బతుకుతారు. ఒంట్లో విషం ఎక్కినవారికి మాత్రం మంత్రగాడి అరుగు మీద గడిచే గంటే ప్రాణాంతకం. వేపాకు చేదు తెలుస్తోందా, మిరపకాయ కారం తెలుస్తోందా అనే పరీక్షలకూ ఆధారం లేదు. ఆసుపత్రిలో చేసే పరీక్ష అంతకంటే తేలికైనది. శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకడితే సరే. నీళ్లలా జారితే పింజర విషం ఎక్కినట్లు లెక్క.

కట్లపాము సంగతి వేరు. ఇది రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, గొంతు పట్టేయడం, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. అజీర్తి అనుకుని ఇంట్లోనే ఉంచితే ఊపిరి ఆగిపోతుంది. దీని విషం నరాల చివరలను దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ తగిలాక మందు ఎక్కించినా వెంటనే బాగుకాదు. రోజుల తరబడి కృత్రిమ శ్వాస యంత్రం మీద ఉంచవలసి వస్తుంది. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. దోమతెర రక్షణ గురించి నేపాల్‌లోనే 2007లో రుజువైంది.

గాయం మానినా భయం మానదు

బతికి బయటపడిన వారి మనసు గురించి ఇటీవలి వరకు ఎవరూ పట్టించుకోలేదు. శ్రీలంకలో 88 మంది బాధితులను, పాము కాటు ఎరుగని మరో 88 మందిని పోల్చి చూసిన మానసిక వైద్యుల పరిశీలన 2011లో వెలువడింది. బాధితుల్లో 48 మందికి తీవ్రమైన దిగులు ఉన్నట్లు తేలింది. మిగతా 88 మందిలో ఆ స్థితి 13 మందికే ఉన్నది. కాటు ఘటన పదే పదే కళ్లముందు మెదిలి నిద్ర పట్టని జబ్బు 19 మంది బాధితులను పీడిస్తున్నది. తొమ్మిది మంది పనే మానుకున్నారు.

కాటు తిన్న మనిషి పొలానికి పోవడానికి వెనుకాడితే సోమరితనమనీ, పిరికితనమనీ ఇంట్లోవారు ఎగతాళి చేయడం పరిపాటి. అది జబ్బని గ్రహించాలి. నెలలు గడిచినా నిద్ర లేకపోతే, తిండి సహించకపోతే, పనికి భయపడితే వైద్యునికి చూపించాలి. గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఊరుకోరాదు.

ఊరు చేసుకోవలసిన ఏర్పాటు

2030 నాటికి పాము కాటు మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో ప్రతి పాము కాటునూ తప్పనిసరిగా నమోదు చేసేలా చూడాలని రాష్ట్రాలను కోరింది. ప్రణాళిక ఢిల్లీలో తయారైనా ప్రాణం నిలబడవలసింది పొలం గట్టు మీదనే.

కాటు పడితే మనిషిని కదలనివ్వరాదు, నడిపించరాదు, పరుగెత్తనివ్వరాదు. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు వెంటనే తీసేయాలి. విరిగిన చేతికి కట్టినట్లు కరిచిన కాలికో చేతికో కర్ర ఆసరాగా పెట్టి వదులుగా కట్టాలి. తాడు బిగించి కడితే రక్తం ఆడక కాలే పోవచ్చు. కత్తితో గాటు పెట్టడం, నోటితో పీల్చడం, నాటు మందు పూయడం పనికిరావు. పామును వెతికి చంపబోయి మరొకరు కాటు తినరాదు. ఏ పామైనా మందు ఒకటే కనుక చచ్చిన పామును ఆసుపత్రికి మోసుకుపోవలసిన అవసరమూ లేదు. 108కి ఫోను చేయాలి. బండి రావడం ఆలస్యమైతే దొరికిన వాహనంలో బయలుదేరాలి. రాత్రిపూట పొలానికి వెళ్లేవారు కాళ్లకు బూట్లు, చేతిలో టార్చిలైటు, కర్ర లేకుండా గడప దాటరాదు.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాము కాటు మందు ఎన్ని సీసాలు ఉంది? రాత్రి వైద్యులు ఉంటారా? లేకపోతే మందు, శ్వాస యంత్రం ఉన్న పెద్దాసుపత్రి ఎంత దూరం? అర్ధరాత్రి పిలిస్తే ఊళ్లో ఎవరి బండి కదులుతుంది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసి పంచాయతీ కార్యాలయం గోడకు అంటించడానికి ఒక కాగితం చాలు. కాటు పడిన రాత్రి ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, వానాకాలం పనులు ఊపందుకోకముందే గ్రామ పెద్దలు, ఆశా కార్యకర్తలు, యువజన సంఘాలు కూర్చుని ఆ కాగితం రాసుకోవడం మంచిది.