లాంచీ మన కోసం ఆగదు!

కరీబియన్ క్రూజ్ రీల్స్ చూసి ‘మనకెక్కడ!’ అనుకుంటున్నారా? మన నల్గొండ జిల్లాలో నాగార్జునసాగర్ లాంచీ ఉందిగా! ఎక్కితే దాదాపు గంటలో కృష్ణ నడుమ నాగార్జునకొండ దీవి. ఓడ పెద్దదైనా చిన్నదైనా రూల్ ఒకటే, దిగినవాళ్లు టైముకి ఎక్కాలి. కాబట్టి అసలు ప్లాన్ అంతా దీవిలో గడిపే ఆ కాస్త టైముకే.

నేనైతే ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లను బట్టి ప్లాన్ వేస్తా. మా నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు, దీవిలోనేమో అంతా నడకే. అందుకే ముందు మ్యూజియం. ఓపిక మిగిలితేనే స్తూపాల వైపు. పిల్లలకు ఈ కథ చెప్పండి: ఇది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. డ్యామ్ నీళ్లలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను కొండపైకి తెచ్చి మళ్లీ కట్టారు. మ్యూజియం 1966లో తెరిచారు.

బయల్దేరే ముందు గుర్తుంచుకోండి:

• శుక్రవారం మ్యూజియానికి సెలవు.

• అనుపు రంగస్థలం దీవిలో లేదు, ఒడ్డున ఉంది. రోడ్డు మీదుగా వెళ్లాలి.

• దిగేటప్పుడే తిరుగు లాంచీ టైము అడిగి, 20 నిమిషాల ముందుకు అలారం పెట్టండి.

• లైఫ్ జాకెట్ పెద్దలకూ తప్పదు.

రోజంతా నీళ్ల మీదే గడపాలంటే సోమశిల–శ్రీశైలం లాంచీ ఉంది. నీటిమట్టం ఉంటేనే నడుపుతారు. ముందే కనుక్కోండి.

నాలుగు చోట్లకు ఉరుకులు పెట్టే కన్నా, నాయనమ్మతో కలిసి ఒక్కటి తీరిగ్గా చూసినా ట్రిప్పు హిట్టే!